మూడో వలయం

తొమ్మిది అండాలతో మొదలైన లెక్క ఐదో రోజుకి ఒకటి దగ్గర ఆగింది. సంతాన కేంద్రం ల్యాబులో పనిచేసే లెక్కలమ్మ తన సొంత ఆడపడుచు బుల్లి అండాలను, బుల్లి భర్త వీర్యకణాలతో కలిపి తన చేత్తోనే గాజు డిష్షులో పెట్టింది. ఎనిమిది మధ్యలోనే ఆగిపోయాయి. తొమ్మిదోది మాత్రం పట్టు వదలకుండా పెరిగి చక్కటి గుండ్రటి పిండమైంది. ఈ ఉదయం పదిన్నరకు దాన్ని బుల్లి గర్భంలో పెట్టాలి. ఇంకోసారి ప్రయత్నిద్దామంటే బుల్లి దగ్గర ఇక అండాలు లేవు. డాక్టరమ్మ ఆ మాట ముందే చెప్పేసింది. అంతా సవ్యంగా జరిగిపోతుందని అందరూ అనుకుంటున్న వేళ, ఫైలు మూసేముందు అలవాటుగా లెక్కలమ్మ మొదటిరోజు ఫోటో తెరిచింది. తెరిచి, కుర్చీలోంచి లేవలేకపోయింది. పోయిన భాగంలో మనం ఆమెను అక్కడే వదిలి వచ్చాం.

ఆమెను లేవనివ్వనిది ఒక సన్నటి గీత. గీత కూడా కాదు, కోసిన గోరు ముక్కంత వంపు.

ఫోటోలో తొమ్మిదో అండం తెర నిండా ఉంది. మధ్యలో రెండు వలయాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పక్కనున్న ఫైలు కాగితంలో నీలం సిరాతో తను రాసిన అంకె: రెండు. ఆ పక్కన తన సంతకం, దాని పక్కన డాక్టరమ్మ సంతకం. ఇప్పుడు ఫోటోను నాలుగింతలు పెంచి చూస్తే కుడివైపు వలయం వెనకనుంచి ఆ వంపు తొంగిచూస్తోంది. ఎవరో తలుపు చాటున నిలబడి భుజం మాత్రం బయటపెట్టినట్టు.

లెక్కలమ్మ కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. వంపు అక్కడే ఉంది.

అండం ఒక ఇల్లనుకుంటే అందులో ఒకే ఒక్క అతిథికి చోటు. వేలకు వేలు వీర్యకణాలు గోడ చుట్టూ మూగుతాయి. ఒకటి దూరీ దూరగానే అండం తన గోడను బిగించేసుకుంటుంది. మిగతావాటికి ఇక దారి లేదు. ఆ బిగింపు కాస్త ఆలస్యమైతే రెండోది కూడా లోపలికి వచ్చేస్తుంది. మర్నాడు ఉదయం మైక్రోస్కోపు కింద చూస్తే తల్లిదొకటి, తండ్రిదొకటి, రెండే వలయాలు కనిపించాలి. మూడు కనిపిస్తే ఆ అండాన్ని పక్కన పెట్టేయాలి, ఇందులో బేరాల్లేవు. చిక్కేమిటంటే ఆ వలయాలు కనిపించేది కొద్ది గంటలే. ఆ తరువాత కరిగి కలిసిపోతాయి. ఇక రెండున్నదీ మూడున్నదీ ఒకేలా పెరుగుతాయి. ఐదో రోజున ఎంత పండిన కన్నైనా తేడా చెప్పలేదు.

అందుకే ల్యాబులో ఒక పద్ధతి ఉంది. వెంట్రుకంత సన్నటి గాజుగొట్టంతో అండాన్ని మెల్లగా దొర్లించి, రెండోవైపు కూడా చూసి, అప్పుడు అంకె రాయాలి. ఎదురుగా ఉన్న వలయం వెనక ఇంకోటి దాక్కుని ఉండొచ్చు కదా. లెక్కలమ్మకు ఆ పేరు వచ్చింది అందుకే. అందరూ ఒకసారి దొర్లిస్తే తను మూడుసార్లు దొర్లిస్తుంది. పదమూడేళ్లలో వేల అండాలను దొర్లించిన చేయి అది.

తొమ్మిదోదాన్ని మాత్రం దొర్లించలేదు.

ఎందుకు దొర్లించలేదో ఆమెకు బాగా గుర్తుంది. గొట్టం దగ్గరకు తీసుకెళ్లింది. అండం గోడ పలచగా ఉంది. గీసుకుపోతుందేమో అనిపించింది. పరాయివాళ్లదైతే ఆ ఆలోచనే వచ్చేది కాదు. బుల్లిది కాబట్టి, తను పెళ్లయి అత్తింటికి వచ్చినప్పుడు తన కొంగు పట్టుకుని తిరిగిన ఆరేళ్ల పిల్లది కాబట్టి, చేయి ముందుకు పోలేదు. రెండు వలయాలు చక్కగా కనబడుతున్నాయి కదా, ఇంకా దీన్ని కదపడం దేనికి అనుకుంది. ముద్దు చేసింది. 

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. ఆమె ఫోటో అచ్చు తీసి డాక్టరమ్మ గదికి వెళ్లింది.

డాక్టరమ్మ ఫోటోను బల్లమీద పెట్టుకుని దీపం దగ్గరకు లాక్కుంది. 

“ఆ రోజు దొర్లించి చూశావా?”

“లేదు మేడమ్.”

“నువ్వా? దొర్లించలేదా?”

“లేదు.”

“నేను చూశానా?”

లెక్కలమ్మ నేల వంక చూస్తూ అంది. “మీరు సంతకం పెట్టారు మేడమ్.”

నిజానికి రెండో సంతకం ఉండేది రెండో కన్ను కోసం. లెక్కలమ్మ లెక్కకి రెండో కన్ను అవసరమా అని డాక్టరమ్మ ఏనాడో మైక్రోస్కోపు దగ్గరకు రావడం మానేసింది. కాగితం బల్లమీదికి వస్తే సంతకం పెట్టేది. సొంతవాళ్ల కేసు ఎవరూ చూడకూడదన్న నియమాన్ని కూడా ఈసారి ఆవిడే సడలించింది. “మా పిల్లది మా కోడలి చేతులమీదుగానే జరగాలి” అని అత్తగారు ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే కూర్చుని పట్టుబట్టింది మరి.

“వలయం కాక ఉత్త బుడగ అయివుండొచ్చు. అండంలో బుడగలు మనం చూడనివా?” అంది డాక్టరమ్మ చివరికి.

“కావచ్చు.”

“సగం సగం.”

“సగం సగం అయితే మనం ఎవరికైనా పెడతామా మేడమ్?”

“పెట్టం. కానీ ఎవరికైనా ఇంకో పిండం ఉంటుంది. ఈ పిల్లకి లేదు.” డాక్టరమ్మ ఫోటోను బోర్లా తిప్పింది. గొంతు తగ్గించింది. “విను. పెడదాం. వందలో అరవైమందికి నిలవదు. ఈ పిల్లకి నిలవకపోతే ఆ అరవైలో ఒకటనుకుంటారు. ఎవరూ ఏమీ అడగరు.”

“నిలిస్తే?”

 డాక్టరమ్మ కలం మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. నిలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మూడు వలయాలతో మొదలైన గర్భం చాలావరకు దానంతటది పోతుంది. పోనిది కొన్నిసార్లు బిడ్డగా కాకుండా నీటిబుడగల గుత్తిలా పెరుగుతుంది. తల్లి రక్తం తాగి పెరుగుతుంది. కడిగేసినా ఒక్కోసారి పూర్తిగా పోదు.

“పదిన్నరకి ల్యాబు కిటికీ తెరువు. అంతవరకు ఆలోచించుకో. నీ పదమూడేళ్లు, నా ఇరవై ఆరేళ్లు. రెండూ కలిపి ఆలోచించు” అంది డాక్టరమ్మ.

లెక్కలమ్మ బయటకు వచ్చింది. ఇందాక తనను కుర్చీకి కట్టేసిన భయం ఒకటి, ఇప్పుడు పట్టుకున్నది వేరు. చెబితే ఇంట్లో ముఖం చెల్లదు, ఉద్యోగం ఉండదు అన్నది చిన్న భయం. చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు అన్నది పెద్దది. ఆ రెండోది నిజంగానే సాధ్యం.

నడవలో బెంచీమీద అత్తగారూ బుల్లీ కూర్చుని ఉన్నారు. పిండం పెట్టే సమయానికి మూత్రాశయం నిండుగా ఉండాలి. అప్పుడే స్కానులో గర్భం స్పష్టంగా కనిపిస్తుంది. అత్తగారు ఆ పనిని భుజాన వేసుకుంది.

“లీటరు పైన తాగించాను అమ్మాయ్. ఇంకో గ్లాసు తాగవే అంటే మింగేసేలా చూస్తోంది.”

“ఇంకో చుక్క పడితే ఇక్కడే వరదలొస్తాయి వదినా” అంది బుల్లి కాళ్లు మెలివేసుకుని. “పదిన్నర అంటే పదిన్నరకేనా? మీ డాక్టరమ్మ గడియారం కరెక్టేనా? ఒకసారి కనుక్కో.”

బుల్లి స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు నడుపుతుంది. చూపుడువేలి కొసన సూది గుచ్చుకున్న చిన్న చిన్న మచ్చలు. ఆ వేలితో వదిన చెయ్యి పట్టుకుని, “అబ్బ, మంచుగడ్డలా ఉందేంటి?” అంది.

“ల్యాబులో ఏసీ” అంది లెక్కలమ్మ. వాళ్ల దగ్గర తను ఆడిన మొదటి అబద్ధం అదే. ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే దడుపు పుట్టింది.

*

ల్యాబుకీ పిండం పెట్టే గదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. అరచేతి వెడల్పు పలక, పక్కకు జరుగుతుంది. పద్ధతి ప్రకారం ల్యాబు మనిషి ఆ పలక జరిపి పేషెంటు పేరు అడగాలి, నంబరు అడగాలి, పిండాలు ఎన్నో చెప్పాలి. చివర్లో గదిలో అందరికీ వినబడేలా “సరిగ్గా ఉంది” అనాలి. ఆ మాట పడితే గానీ డాక్టరమ్మ పిండం ఉన్న గొట్టం అందుకోదు. ఎవరి పిండం ఎవరికో పోకుండా పెట్టుకున్న ఏర్పాటు అది. లెక్కలమ్మ ఆ మాటను వేలసార్లు అని ఉంటుంది.

పదిన్నరకి పలక జరిపింది.

అటువైపు బుల్లి బల్లమీద పడుకుని ఉంది. డాక్టరమ్మ ముఖానికి ముసుగు, కళ్లు మాత్రం లెక్కలమ్మ మీద. నర్సు స్కాను పట్టుకుని నిలబడింది.

“పేరు?”

బుల్లి పూర్తి పేరు చెప్పి, నర్సు వైపు తిరిగి, “మా వదినకి నా పేరు తెలీదట, కాస్త రాసుకోండి” అంది. నర్సు నవ్వింది.

“నంబరు?”

చెప్పింది.

“పిండాలు...” లెక్కలమ్మ పలక అంచు పట్టుకుంది. “ఒకటి.”

తరువాతి మాట రాలేదు. నోరు తెరిచే ఉంది. స్కాను మిషను సన్నగా గుయ్యిమంటోంది. డాక్టరమ్మ కనుబొమలు ‘అను’ అన్నట్టు కాస్త పైకి లేచాయి. నర్సు నవ్వు ఆగింది. ఇంక్యుబేటరులో ఉన్న డిష్షు ఎలాంటిదో లెక్కలమ్మ కళ్లకు కట్టింది. చిన్న నీటిచుక్కలో ఒంటరిగా, అందంగా, ఏమీ చెప్పకుండా.

“వదినా?” బుల్లి తల ఎత్తింది. “ఏంటా గొంతు? పోయిందా అది?”

“లేదు. బతికే ఉంది.”

“మరి?”

“నేను సరిగ్గా చూడలేదు బుల్లీ.”

 డాక్టరమ్మ చేతిలోని ఖాళీ గొట్టాన్ని మెల్లగా ట్రేలో పెట్టింది. ఆ చిన్న చప్పుడు లెక్కలమ్మ చెవుల్లో చాలాసేపు నిలిచింది. ఆవిడ తనను ఆపుతుందనుకుంది. ఆపలేదు. నర్సును బయటకు వెళ్లమని చెప్పి, ముసుగు కిందికి లాగి, గోడకు ఆనుకుంది. ఎదురుచూస్తున్న దెబ్బ ఎట్టకేలకు పడ్డ మనిషిలా ఉంది.

“కిటికీలోంచి చెప్పకు. ఇలా రా” అంది బుల్లి.

లెక్కలమ్మ ఫోటో పట్టుకుని వెళ్లింది. దాచకుండా చెప్పింది. రెండు ఉండాల్సిన చోట మూడు ఉండొచ్చని, ఒక అండంలోకి రెండు వీర్యకణాలు దూరివుండొచ్చని, దొర్లించి చూడాల్సిన తను చూడలేదని. ఎందుకు చూడలేదో కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ కళ్లు ఫోటో మీదే ఉంచింది.

బుల్లి లేచి కూర్చుని, దుప్పటి నడుముకు చుట్టుకుని, ఫోటోను ట్యూబులైటు వైపు ఎత్తింది. బట్టలో నేత లోపం చూసేటప్పుడు అలాగే ఎత్తుతుంది.

“ఇదా? ఈ వెనకనున్నదా?”

“అదే.”

“రెండు చేతుల చొక్కాకి మూడో చెయ్యి కుట్టామన్నమాట.” బుల్లి నవ్వబోయింది. పెదవులు సగంలో ఆగాయి. “కొలతలు తీసుకున్నప్పుడు చూసుకోవాలిగా వదినా. కుట్టాక ఏం చేస్తాం?”

“తిట్టు బుల్లీ. నాలుగు తిట్టు.”

“ఉండు, తిడతాను. ముందు ఒకటి చెప్పు. దీన్ని నాలో పెడితే మళ్లీ ముత్యాలేనా?”

లెక్కలమ్మ ఉలిక్కిపడింది. ఆ మాట తను వాడలేదు. బుడగలుగా పెరిగే గర్భాన్ని డాక్టర్లు ముత్యాల గర్భం అంటారు. బయటివాళ్లకు ఆ పేరు తెలిసే అవకాశమే తక్కువ. దానికితోడు బుల్లి “మళ్లీ” అంది.

“మళ్లీ ఏంటి?”

బుల్లి ఫోటోను ఒళ్లో పెట్టుకుంది. “పోయినేడాది మూడో నెలలో పోయిందని చెప్పానే, అది మామూలుగా పోలేదు. ఎర్రగా కనిపిస్తుంటే నేనొక్కదాన్నే వేరే ఆసుపత్రికి వెళ్లాను. ఆయన అప్పుడు లారీ తీసుకుని పది రోజుల ట్రిప్పులో ఉన్నాడు. స్కాను చేసే ఆవిడ తెరను నాకు కనబడకుండా అటు తిప్పేసింది. లోపల బిడ్డ లేదమ్మా, ముత్యాలున్నాయి అన్నారు. నిజం చెప్పొద్దూ, పేరు విని ఎంత బాగుందో అనుకున్నాను వదినా. కడిగేశాక చూపించారు.”

 కళ్లు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క దుప్పటి అంచే వాడింది.

“మాకెవరికీ చెప్పలేదేం?”

“ఏమని చెప్పను? ఒక అండంలోకి రెండు దూరాయి, అందుకని ఇలా అయిందని అక్కడి డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. రెండు అని నేను ఇంట్లో చెబితే వినేవాళ్లకి ఎన్ని అర్థాలు తోస్తాయో తెలుసా? రెండంటే ఇద్దరివా అని అడగరూ? మా అత్తవైపు వాళ్లు అడగరా? ఆయన పైకి అడక్కపోయినా లోపల అడుగుతాడు. రాత్రింబవళ్లు రోడ్లమీద ఉండే మనిషి.”

“ఒకే మనిషివి బుల్లీ రెండూ. లక్షల్లో రెండు.”

“నాకు తెలుసు. నీకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?”

 పదమూడేళ్లుగా లెక్కలమ్మ రోజూ అనే మాట, ‘రెండు దూరాయి’, గోడకు అటువైపు ఇంత బరువుగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. భర్త ట్రిప్పుల్లో ఉన్నన్నాళ్లూ పుట్టింట్లోనే ఉండే మనిషి ఆ బరువును పధ్నాలుగు నెలలు మోసింది. తనతో కలిసి టీవీ చూసింది, తన జాకెట్లు కుట్టిపెట్టింది.

“నా అండాలకి తలుపు వేసుకోవడం రాదా వదినా?” అంది బుల్లి మెల్లగా. “అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇదేనా నా రాత?”

“అలా ఏం లేదు. అప్పుడు జరిగిందనుకో, ఇప్పుడు ఇది వలయం కాక ఉత్త బుడగ కూడా కావచ్చు. నాకు తెలీదు. తెలీకపోవడమే నా తప్పు.”

బుల్లి ఆమె ముఖంలోకి చూసింది. “నీ కడుపైతే పెట్టించుకుంటావా?”

ఆ ప్రశ్నకు లెక్కలమ్మ తడుముకోలేదు. “పెట్టించుకోను.”

“అయితే నాకూ వద్దు. కానీ పారెయ్యకు.”

“పారెయ్యను. గడ్డకట్టించి దాస్తాను. నాలుగు కణాలు తీసి పరీక్షకు పంపితే అది రెండో మూడో తేలిపోతుంది. నెల పడుతుంది.”

“నెలేగా. పదేళ్లు చూశాను.” బుల్లి బల్ల దిగింది. “ఇక నేను బాత్రూముకి వెళ్లొచ్చా? ఈ నీళ్లు ఎవరికోసం మోస్తున్నాను ఇంకా?”

భయం కాస్త పట్టు సడలించింది.  ఉద్యోగం పోతే పోయింది. బుల్లి తిట్టలేదు. ఇంకా నయం అనుకుంది లెక్కలమ్మ.

“ఆగమ్మా” అంది డాక్టరమ్మ.

ఆవిడ గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చింది. ఇందాకటి తప్పుచేసిన ముఖం లేదు. కళ్లు చురుగ్గా, ఒకచోటే నిలిచి ఉన్నాయి. ఆ చూపు లెక్కలమ్మకు తెలుసు. స్కానులో అనుకోనిది కనిపించినప్పుడు చూసే చూపది.

“అది కడిగాక వారం వారం రక్తపరీక్షకి రమ్మన్నారా?”

“రమ్మన్నారు.”

“ఎన్నిసార్లు వెళ్లావు?”

బుల్లి దుప్పటి బిగించుకుంది. “రెండు.”

“రెండే?”

“వారం వారం ఏం అబద్ధం చెప్పి వెళ్లను డాక్టరుగారూ? మొదటిసారి దారాలు కొనాలన్నాను. రెండోసారి కుట్టుమిషను రిపేరన్నాను. మూడోసారికి అమ్మ నేనూ వస్తానంది.”

“రెండోసారి రక్తంలో ఆ గర్భం హార్మోను అంకె సున్నాకి వచ్చిందా?”

“తగ్గిందన్నారు. సున్నా కాలేదు, మళ్లీ రా అన్నారు.”

“తరువాత నెలసరి సరిగ్గా వచ్చిందా? మధ్యలో ఎప్పుడైనా కనబడేదా?”

“అప్పుడప్పుడు. మీ సూదుల వల్లేమో అనుకున్నా.”

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. “మా ఫారంలో మూడో నెలలో పోయిందని రాశావు. అందుకని మేము ఆ పరీక్ష రాయలేదు” అంది, సగం తనలో తను. అప్పుడు లెక్కలమ్మకు విషయం తట్టింది. 

ముత్యాలను కడిగేశాక గర్భం గోడకు ఒక్క ముక్క అంటుకుని ఉండిపోయినా, అది ఊరుకోదు. మౌనంగా పెరుగుతుంది. లోపలికి వేళ్లు తన్నుతుంది. రక్తంతోపాటు ఊపిరితిత్తులదాకా పోగలదు. మందులకు లొంగే జబ్బే, సమయానికి పట్టుకుంటే. పట్టుకునే దారి ఒక్కటే, వారం వారం రక్తంలో ఆ అంకె సున్నాకి దిగేదాకా చూడటం. పధ్నాలుగు నెలలుగా ఎవరూ చూడలేదు. చూడకపోగా తాము నెలరోజులపాటు హార్మోను సూదులు పొడిచారు.

ఇంతసేపూ తను డిష్షులో ఉన్నదాన్ని చూసి భయపడింది. భయపడాల్సింది ఇక్కడ, దుప్పటి చుట్టుకుని బాత్రూముకి తొందరపడుతున్న ఈ మనిషిని చూసి.

“ఏమైంది? ఇద్దరూ అలా చూస్తారేంటి?” అంది బుల్లి.

“ఏం లేదమ్మా. కాస్త రక్తం తీసుకుంటాం. నలభై నిమిషాల్లో తెలిసిపోతుంది” అంది డాక్టరమ్మ. తరువాత నడవలోకి వచ్చి లెక్కలమ్మతో విడిగా చెప్పింది. “అండాలు తీయడానికి ముందు మనమిచ్చిన సూదిలోనూ అదే హార్మోను ఉంది. ఏడు రోజులైంది కాబట్టి కొద్దిగా మిగిలి ఉంటుంది. యాభై లోపు వస్తే అది మన సూదిదే, ఊపిరి పీల్చుకుందాం. వందలు దాటితే మన సూదిది కాదు, లోపల ఆ ముక్క మిగిలిందనే.”

*

నలభై నిమిషాలు. లెక్కలమ్మ పిండాన్ని గడ్డకట్టించి, డబ్బామీద నంబరు రాసి, తాళం వేసింది. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. బుల్లిని పక్క గదిలో తెర వెనక మంచంమీద పడుకోబెట్టారు. నడవలో అత్తగారు నీళ్లసీసా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

“అయిపోయిందా అమ్మాయ్? ఎంతసేపు పడుకోవాలట? నేను మూడు రోజులు దాన్ని మంచం దిగనివ్వను, ముందే చెబుతున్నా.”

లెక్కలమ్మ పక్కన కూర్చుంది. “ఈ రోజు పెట్టలేదు అత్తయ్యా.”

“ఏం?”

“పిండం మీద నాకు అనుమానం వచ్చింది. మొదటిరోజే చూడాల్సింది. చూడలేదు. తప్పు నాది.”

అత్తగారు సీసా మూత తిప్పింది, బిగించింది, మళ్లీ తిప్పింది. “నీ చేతుల్లో అయితే తప్పు జరగదనేగా నేను పట్టుబట్టాను” అంది కొంతసేపటికి. గొంతులో కోపం లేదు. అదే భరించలేకుండా ఉంది.

“అందుకే జరిగింది అత్తయ్యా.”

“పిల్లకి తెలుసా?”

“తెలుసు. తనే వద్దంది.”

“అయితే ఇంకా ఎందుకు పడుకోబెట్టారు దాన్ని? ఇంటికి తీసుకుపోతాను.”

 రక్తం ఇచ్చేముందు బుల్లి లెక్కలమ్మ మణికట్టు పట్టుకుని, ముత్యాల సంగతి అమ్మకి చెప్పనని ఒట్టు వేయించుకుంది. “చిన్న రక్తపరీక్ష. కాగితం వస్తే వెళ్లిపోవచ్చు” అంది లెక్కలమ్మ.

“ఏం పరీక్ష?”

“మామూలుదే.”

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. ముప్ఫై ఇళ్లున్న వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో గుమ్మంలో చెప్పులు చూసి చెప్పగల మనిషి ఆవిడ. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం చూసి లెక్కలమ్మకు మరింత భయమేసింది.

నడవ చివర తలుపు తెరుచుకుంది. రక్తం తీసే ఆయన చిన్న చీటీ పట్టుకుని వస్తున్నాడు. మామూలుగా ఆయన ఎదురైన ప్రతివారినీ పలకరిస్తూ నడుస్తాడు. ఈసారి ఎవరి వైపూ చూడకుండా తిన్నగా వస్తున్నాడు. డాక్టరమ్మ కోసం గది తలుపు తట్టాడు. ఆవిడ పై అంతస్తులో ఉంది. క్షణం తటపటాయించి చీటీని లెక్కలమ్మకు అందించబోయాడు.

మధ్యలో చాచిన చేయి అత్తగారిది. “మా పిల్లదేగా” అంటూ అందుకుంది. కళ్లజోడు తల మీంచి ముక్కు మీదికి దింపుకుంది. అక్కడున్న పేర్లేవీ ఆవిడకు అర్థం కావు. అంకెలు అవుతాయి.

“ఆరు వందల పన్నెండు” అని పైకే చదివింది.

లెక్కలమ్మ చీటీ కోసం చేయి చాచింది. 

“అమ్మాయ్” అంది అత్తగారు చీటీ వదలకుండా, “ఇది ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?”

తెర అవతల మంచం కిర్రుమంది. బుల్లి లేచి కూర్చున్నట్టుంది.

“ఎంతొచ్చిందట వదినా?”